సుతిలి రెండో కొస

బీరువా తాళంచెవి కొంగుకు ముడేసుకుని సారలమ్మ ఉప్మా వడ్డించింది. ఆరు రోజులుగా ఆమె మొగుడి ముందు పళ్లెం పెడుతోందే గాని నోరు విప్పి ఒక్క మాట అనడం లేదు. ఇవాళ్టి ఉప్మాలో ఉప్పు కూడా లేదు. అడిగే ధైర్యం చాలక రాజలింగం మామిడికాయ తొక్కు కలుపుకుని తిన్నాడు.

కూతురు శైలజ క్యాంపస్ లైబ్రరీలో డ్యూటీకి వెళ్లాల్సింది, సెలవు పెట్టి గుమ్మంలో నిలబడింది. ఆమె చూపంతా మేడమెట్ల మీదే ఉంది. పైగదిలో అద్దెకుండే స్కాట్లాండ్ కుర్రాడు ఫిన్లే ఇంకా కిందికి దిగలేదు. వాడు దిగేలోపు ఈ ముగ్గురూ ఒక మాట మీదికి రావాలి.

"బాపూ, ఇయ్యాల శుక్రారం," అంది శైలజ. "నాలుగింటికి ఫోన్ అడుగుతడు. ఏం చెప్తవ్?"

"ఖరాబైందని చెప్త. ముషీరాబాద్‌ల రిపేరుకిచ్చిన, సోమారం ఇస్తరని."

"నా ఫోన్ల చేస్తనంటే?"

"గంత పొడుగు నంబరు ఎవనికి యాదికుంటది?" అన్నాడు రాజలింగం. అన్నాడే గాని, కూతురి ముఖం చూడకుండా తొక్కు గిన్నె వైపు చూస్తూ అన్నాడు.

ఆ ఫోన్ బీరువాలో, సారలమ్మ పెళ్లిచీర కింద ఉంది. అక్కడ పెట్టమన్నది ఫిన్లేనే. ఫుట్‌బాల్ ఆట దగ్గరపడితే వాడు తనంతట తానే ఫోన్ తెచ్చి ఆమె చేతిలో పెడతాడు. ఇరవై ఒక్కేళ్లప్పుడు వాడి ఊరి జట్టుకు ఒక పెనాల్టీ తప్పగొడితే, జనం ఫోన్లో రాసిన తిట్లన్నీ కూర్చుని చదివాడట. మర్నాటి ఆటలో కాలు ముందుకు పడలేదట. అప్పటి నుంచి ఈ నియమం. మామూలుగా రెండు రోజులు. ఈసారి ఆట పెద్దదని వారం ముందే ఇచ్చేశాడు.

శుక్రవారానికి మాత్రం మినహాయింపు ఉంది. సాయంత్రం నాలుగింటికి ఫోన్ తీసుకుని, వంటింటి గట్టెక్కి కూర్చుని, ఊళ్లో ఉన్న తాతతో పది నిమిషాలు మాట్లాడతాడు. సారలమ్మకు అందులో ఒక్క ముక్క అర్థం కాదు. అయినా గరిటె ఊపుతూ పలకరించేది. అటు ఫోన్ తెరలో ఆ పెద్దాయన టోపీ తీసి తల వంచేవాడు. వీళ్లిద్దరి స్నేహం పదకొండు నెలలుగా ఇలాగే సాగింది.

పోయిన శనివారం బీరువాలో ఫోన్ మోగింది. ఎంతకీ ఆగకపోతే శైలజ తీసింది. అవతల ఫిన్లే తల్లి. తన నాన్న, అంటే ఫిన్లే తాత, పొద్దున కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారని, అబ్బాయికి చెప్పి ఫోన్ చేయించమని ఏడుస్తూ అడిగింది. చెప్తామని శైలజ మాట ఇచ్చింది.

ఆ మాటే ఆరు రోజులుగా గడప దాటలేదు.

రాజలింగం ఆ పూట బయటి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, సంగతంతా విన్నాడు. ఇంటిపెద్దగా ఆలోచించాడు. పోయినాయన్ని ఆ సాయంత్రానికే సాగనంపేసి ఉంటారు. ఇక్కడ విమానం ఎక్కినా కుర్రాడు మర్నాటికి గాని చేరడు. చేరి చూసేదేముంది? తాత ముఖమూ దక్కదు, ఇక్కడ ఆటా పోతుంది. ఆట అయిపోయాక తనే కూర్చోబెట్టి చెబుతానన్నాడు. అప్పుడు సారలమ్మా సరేనంది. తమ కాకినాడ వైపు కూడా ఇంతేనని, "ఒంట్లో బాగాలేదట" అని రైలెక్కించి అసలు సంగతి వీధి మలుపులో చెబుతారని, పక్కింటి శ్యామలాంబగారు ధైర్యం చెప్పింది. మళ్లీ మోగకుండా ఫోన్ ఆపించి చీర కింద పెట్టేశారు.

మర్నాడు పొద్దున ఫిన్లే ఒక సకినం చేత్తో పట్టుకుని, దీన్ని శుక్రవారం తాతకు చూపించి ఊరిస్తానన్నాడు. అంతే, సారలమ్మ మొగుడితో మాటలు మానేసింది.

ఇప్పుడు మాత్రం ఉండబట్టలేక మాట్లాడింది. అదీ కూతురి వైపు తిరిగి.

"శైలూ, మీ బాపును అడుగు. పెత్రమాసకు తల్లి పేరు మీద బియ్యమిచ్చి వచ్చి, పెరట్ల కూసోని ఎవలు ఏడుస్తరో అడుగు."

"గా ముచ్చట ఇప్పుడెందుకు?" అన్నాడు రాజలింగం.

"నలభై రెండేండ్లాయె. తల్లి ముఖం చూడలేదని నువ్వు ఏడిస్తే నేను నీళ్లిచ్చిన," ఈసారి సూటిగా మొగుడినే చూస్తూ అంది సారలమ్మ. "రేపు గా పిలగానికి ఎవలిస్తరు?"

రాజలింగం పళ్లెం పక్కకు జరిపాడు. "మా అన్న గట్ల దాసిండు గనుకనే నాకు నౌకరి దొరికింది. నౌకరి దొరికింది గనుకనే ఈ ఇల్లు నిలబడ్డది. పిలగానికి ఇంక గీ ఒక్క ఆటనే ఉన్నది. దీని తర్వాత ఏమున్నదో నువ్వే చెప్పు."

దీని తర్వాత ఏమీ లేదన్నది నిజమే. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ఫిన్లే తన కథంతా ఈ వంటింట్లోనే, ఉల్లిగడ్డలు తరుగుతూ, విడతలు విడతలుగా చెప్పాడు.

తొమ్మిదేళ్లప్పుడు పెద్ద పట్నం క్లబ్బు వాళ్లు వాణ్ణి ఎంచుకున్నారు. వాడిది సముద్రం ఒడ్డున చేపల ఊరు. తాత వారానికి మూడుసార్లు తన చేపల వ్యానులో గంటన్నర దూరం తీసుకెళ్లి, ఆట అయ్యేదాకా బయట వానలో నిలబడి, మళ్లీ ఇంటికి తెచ్చేవాడు. బట్టలకు చేపల వాసన అని తోటి పిల్లలు ముక్కు మూసుకునేవారు. పదహారేళ్లకు మొదటి ఒప్పందం మీద సంతకం పెట్టాడు. పద్దెనిమిదికి పెద్ద జట్టు తరఫున రెండు ఆటల్లో దిగాడు. రెండూ కలిపితే పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాలనూ తాత ఊరంతటికీ ఏడాది పొడుగునా చెప్పాడట.

తర్వాత మోకాలు పోయింది. తొమ్మిది నెలలు మంచం. ఒక మే నెలలో చిన్న గదిలోకి పిలిచి, ఇక మాకు నువ్వు అక్కర్లేదని చెప్పారు. అప్పటికి వాడికి ఇరవై ఏళ్లు. పగలు తాతతో కలిసి చేపలు అమ్ముతూ, సాయంత్రాలు చిన్న ఊరి జట్టుకు ఆడుతుంటే ఎవరో ఏజెంటు చూసి హైదరాబాద్ దారి పట్టించాడు. ఇక్కడి క్లబ్బు దేశంలో రెండో మెట్టు లీగులో ఆడుతుంది. ప్రాక్టీసు క్యాంపస్ గ్రౌండులో. ఒప్పందం ఈ నెలాఖరుతో ముగుస్తుంది. ఆదివారం నాటి చివరి ఆట చూడ్డానికి గోవా నుంచి పెద్ద క్లబ్బు కోచ్ వస్తున్నాడు, వాడి కోసమే వస్తున్నాడు. ఇది కుదరకపోతే బూట్లు పక్కన పడేసి చేపల వ్యాను నడుపుకుంటానని వాడు నవ్వుతూనే చెప్పాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. ముగ్గురూ మూడు వైపులకు తిరిగారు.

"అమ్మా, చాయ్ ఉన్నదా?" అంటూ ఫిన్లే వచ్చి గట్టెక్కి కూర్చున్నాడు. వాడి తెలుగులో వంటింటి మాటలూ గ్రౌండు మాటలూ తప్ప మూడో రకం లేవు. క్రీడాకారులంతా పిలిచినట్టే రాజలింగాన్ని లింగన్నా అంటాడు. 'తాత' అన్న మాట నేర్చుకున్నాడు గాని, దాన్ని తన సొంత తాతకే దాచుకున్నాడు.

రాజలింగం గొంతు సవరించుకుని, ఫోన్ ఖరాబైందనీ, సోమవారం గాని రాదనీ చెప్పాడు. అబద్ధం బాగానే వచ్చింది. పైగా ముషీరాబాద్ దుకాణం వాడి మీద రెండు విసుర్లు కూడా విసిరాడు.

ఫిన్లే ఏమీ అనుకోలేదు. శైలజక్క ఫోన్లో చేసుకుంటానన్నాడు. తాత ఇంటి నంబరు తన చిన్నప్పటి నుంచి మారలేదట, నోటికొచ్చట. పాటలా పాడి వినిపించాడు కూడా.

సారలమ్మ చాయ్ గ్లాసు వాడి చేతికిచ్చి పెరట్లోకి వెళ్లిపోయింది.

*

గ్రౌండుకు తార్నాక ఇంటి నుంచి నడక పావుగంట. ఆ దారిలో ఏ చెట్టు ఏ ఏడు నాటారో రాజలింగానికి తెలుసు. ముప్పై ఎనిమిదేళ్లు ఆ గ్రౌండు చూసుకుని రిటైరైనవాడు. నాలుగేళ్లుగా క్లబ్బు వాళ్లు ఆటలున్నప్పుడు పిలిపించుకుంటున్నారు.

వెనకటి రోజులు వేరు. సీతాఫల్‌మండిలో రైలు దిగి కుర్రాళ్లు గుంపులుగా ఈ దారినే వచ్చేవారు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల పిల్లలు ఒక జత బూట్లు ఇద్దరు పంచుకుని, ఎడమ కాలిది ఒకడు, కుడి కాలిది ఒకడు తొడుక్కుని ఆడేవారు. సాయంత్రం ఆట ఉందంటే హాస్టళ్లు ఖాళీ. ప్రొఫెసర్లూ, ఇరానీ హోటల్ సప్లయర్లూ పక్కపక్కనే గడ్డిలో కూర్చుని అరిచేవారు. ఆట అయ్యాక ఓడిన జట్టు గెలిచిన జట్టుకు చాయ్ తాగించేది. ఇప్పుడు గ్రౌండు చుట్టూ కంచె ఉంది, లోపలికి రావాలంటే కార్డు కావాలి, వచ్చేవాళ్లే లేరు. రాజలింగానికి ఆ పాత రోజులు తలుచుకుంటే ఆకలి వేసినట్టు ఉంటుంది.

గీతలు గీయడానికి క్లబ్బు వాళ్లు ఒక యంత్రం కొన్నారు. దాన్ని ఒక్కడే తోసుకుంటూ పోవచ్చు. రాజలింగం దాన్ని గదిలో పెట్టి తాళం వేశాడు. ఆయన లెక్కలో గీత అంటే ఇద్దరి పని. ఇవతల ఇనుప మేకు కొట్టి సుతిలి తాడు కడతాడు. అవతలి వైపు నేల కింద రాయి, మేకు దిగదు. అటు కొస మనిషే బిగించి పట్టుకోవాలి. చిల్లుల డబ్బాతో సున్నం రాల్చుకుంటూ రాజలింగం ఆ కొస దాకా నడుస్తాడు. చేరాక, పట్టుకున్నవాడు కొసను ఆయన చేతిలో పెట్టి, మంచినీళ్ల సీసా అందించాలి. నలభై ఏళ్లుగా ఎందరో పట్టుకున్నారు. ఫిన్లే వచ్చాక మరొకరిని పట్టుకోనివ్వలేదు.

మధ్యాహ్నం మూడు దాటాక, నేల తడారాక, ఇద్దరూ పక్కగీతలు పూర్తిచేశారు. శుక్రవారం ఒక పూత, ఆదివారం పొద్దున ఇంకో పూత. మధ్యగీత ఒక్కటే మిగిలింది. దానికి ముందు కాసేపు వేపచెట్టు కింద కూర్చున్నారు. వేపపూత రాలి ఫిన్లే జుట్టులో చిక్కుకుంది.

ఈ చెట్టు కిందే పోయిన వానాకాలం రాజలింగం తన కథ వాడికి చెప్పాడు. భార్యకు తప్ప మరెవరికీ చెప్పని కథ.

అప్పుడు రాజలింగానికి ఇరవై రెండేళ్లు. గ్రౌండులో రోజుకూలీ. స్టాఫ్ జట్టు ఆటలో బాగా ఆడినవాణ్ణి పర్మనెంట్ చేస్తామన్నారు. ఆ రోజు జమ్మికుంట దగ్గరి ఊరి నుంచి అన్న వెంకటేశం వచ్చి గీత పక్కన నిలబడ్డాడు. మండే ఎండ. తలకు తువ్వాల చుట్టుకున్నాడు. తమ్ముడు గోల్ కొడితే చప్పట్లు కొట్టాడు, ఈల కూడా వేశాడు. ఆట అయ్యాక చాయ్ తాగించాడు. సీతాఫల్‌మండి ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాక తువ్వాల తీశాడు. గుండు. అమ్మ పోయి అప్పటికి రెండు రోజులైంది. వాళ్ల ఇళ్లలో తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు కొరివి పెట్టాలి. తమ్ముడు పెట్టాల్సిన కొరివి అన్న పెట్టి వచ్చాడు.

ఉద్యోగం వచ్చింది. అన్న చేసింది మంచికేనని రాజలింగం అందరికీ చెబుతాడు. అందరికీ చెబుతూనే ఏడాదికోసారి పెరట్లో కూర్చుని ఏడుస్తాడు. ఆ రెండూ ఎలా పొసుగుతాయని ఫిన్లే ఆ రోజు అడగలేదు. భుజం మీద చెయ్యి వేసి, వాన తగ్గేదాకా తీయలేదు.

ఇవాళ ఫిన్లే సుతిలి కొసను వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు. వచ్చీరాని తెలుగులో, అక్కడక్కడ ఇంగ్లీషు కలిపి, తన అమ్మమ్మ సంగతి మొదలుపెట్టాడు. రెండేళ్ల కిందట ఆమె పోయిందట. అప్పుడు తను దూరపు ఊళ్లో ఆడుతున్నాడట. వాడి ఆటలు అయ్యి వచ్చేదాకా ఆమెను అలాగే ఉంచారట. పెట్టెను మట్టిలోకి దించేటప్పుడు దాని చుట్టూ తాళ్లు ఉంటాయట, ఎనిమిది. ఒక్కో తాడు ఒక్కో మనిషికి. ఎవరిది ఏ తాడో ముందే నంబరు వేసి చీటీ ఇస్తారట. తల దగ్గరిది ఒకటో నంబరు. అది అందరికన్నా దగ్గరివాళ్లది. అమ్మమ్మది తాత పట్టుకున్నాడు. కాళ్ల దగ్గర తాడు మనవడికి ఇచ్చాడు.

"తాత చెప్పిండు, లింగన్నా," అన్నాడు ఫిన్లే. "నాది అయినప్పుడు ఒకటో నంబర్ నీదే. గట్టిగ పట్టు. జారనియ్యకు." నవ్వి, చేతిలోని సుతిలి చూపించాడు. "గిది ప్రాక్టీస్ అని చెప్పిన. తాత మస్తు నవ్విండు."

రాజలింగం డబ్బాలో సున్నం నింపుతున్నవాడు ఆగిపోయాడు.

"అమ్మమ్మను ఎన్ని రోజులు ఉంచిన్రన్నవ్?"

"పన్నెండు," అన్నాడు ఫిన్లే. తమ దగ్గర అంతేనని, అందరూ రావాలి కాబట్టి తొందరపడరని, ఒక్కోసారి రెండు వారాలైనా ఆగుతారని మామూలుగా చెప్పాడు.

రాజలింగం వేళ్ల మీద లెక్కపెట్టాడు. శనివారం నుంచి శుక్రవారానికి ఆరు. ఆ ముసలాయన ఇంకా మట్టిలోకి పోలేదు. వారం నుంచి అక్కడ పడుకుని మనవడి కోసం ఎదురుచూస్తున్నాడు. కొరివి ఆగుతుందని, మనిషి వచ్చేదాకా ఆపుకునే దేశం ఒకటుంటుందని తన జన్మలో అనుకోలేదు. చనిపోయినవాళ్లను పొద్దు వాలేలోపు పంపేయడమే ఆయనకు తెలుసు.

సున్నం సరిపోదు, తెస్తానని చెప్పి లేచాడు. సున్నం బస్తా అక్కడే, చెట్టు మొదట్లోనే ఉంది. ఫిన్లే ఆ మాట అనేలోపే ఆయన గేటు దాటాడు.

*

అరవై నాలుగేళ్ల మనిషి ఆ పావుగంట దారి ఎలా నడిచాడో ఆయనకే తెలియదు. మోచేతుల దాకా సున్నంతో గుమ్మంలో నిలబడి, "తాళం తీయ్," అన్నాడు.

సారలమ్మ ఎందుకని అడగలేదు. తీసింది. ఫోన్ ఆన్ చేసి నాలుగంకెలూ తనే నొక్కింది. తాత పుట్టిన సంవత్సరం అది, ఫిన్లే ఎప్పుడో చెప్పి ఉంచాడు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడే కాబట్టి ఆవిడ మరిచిపోలేదు.

తెర నిండా తల్లి పంపిన మెసేజీలు. అన్నిటికన్నా కిందిది నిన్నటిది. శైలజ మనసులో చదువుకుని, ఒక్కో వాక్యమే తెలుగులో చెప్పింది. నువ్వు పలకడం లేదు, నీకు ఎంత కష్టంగా ఉందో నాకు తెలుసు. సోమవారం పొద్దున పదకొండింటికి ఏర్పాటు చేశాం. ఆదివారం నీ ఆట ఉంది, అది ఆడితే సోమవారానికి అందుకోలేవు. నువ్వు ఒక్క మాట చెబితే బుధవారానికి మారుస్తాం. కానీ శ్మశానం ఆఫీసు వాళ్లు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు దాకానే ఆగుతారు. ఒకటో నంబరు చీటీ మీద నీ పేరు రాశాను.

అక్కడ పగలు పన్నెండంటే ఇక్కడ సాయంత్రం నాలుగున్నర. గోడ గడియారంలో నాలుగూ పది.

"నేను ఉరుకుత," అంది శైలజ, చెప్పులు వేసుకుంటూ.

వేసుకోనక్కరలేకపోయింది. గేటు చప్పుడైంది. నాలుగైందని ఫిన్లే తాతతో మాట్లాడ్డానికి వచ్చాడు. బూట్లు విప్పి మెట్ల మీద పెట్టి, లోపలికి వస్తూ ముగ్గురినీ చూశాడు, శైలజ చేతిలో ఫోన్ చూశాడు. ఖరాబు కాలేదా అని నవ్వాడు.

"కాలే బిడ్డా," అన్నాడు రాజలింగం. "నేను అబద్ధం చెప్పిన. కూసో."

వాడు కూర్చోలేదు.

"మీ తాత లేడు. పోయిన శనారం పోయిండు. మీ అమ్మ నీకు చెప్పమన్నది. నేనే వద్దన్న."

సారలమ్మ ఏదో అనబోయింది, తమకూ పాలుందని చెప్పబోయిందేమో. రాజలింగం చెయ్యెత్తి ఆపాడు. తువ్వాల విప్పాల్సిన రోజు ఆయనకు ఇన్నాళ్లకు వచ్చింది. అన్నకు కూడా ఆ ప్లాట్‌ఫారం మీద ఇలాగే నోరు ఎండిపోయి ఉంటుందని మొదటిసారి తోచింది.

ఫిన్లే ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. దాన్ని ఏం చేయాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉండిపోయింది. శైలజ గబగబా ఇంగ్లీషులో చెప్పింది, ఇంకా పదిహేడు నిమిషాలే ఉన్నాయని, అమ్మకు వెంటనే చేయమని. వాడు ఫోన్ తీసుకుని అలవాటు ప్రకారం వంటింటి గట్టెక్కి కూర్చున్నాడు. ముగ్గురూ బయటి గదిలోకి తప్పుకున్నారు.

మొదట అవతల ఫోన్ మోగుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత చిన్నపిల్లాడు ఎక్కిళ్లు ఆపుకోడానికి నీళ్లు మింగినట్టు ఒక శబ్దం. సారలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత వాడు రెండుసార్లు ఒకే మాట అన్నాడు. బుధవారం అంటున్నాడని శైలజ చెప్పింది. రాజలింగం గడియారం చూశాడు. నాలుగూ ఇరవై రెండు. ఆయన ఊపిరి వదిలి గోడకు చేరగిలబడ్డాడు.

ఫిన్లే బయటికి వచ్చాడు. సారలమ్మ అలవాటుగా ఫోన్ కోసం చెయ్యి చాపింది. వాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. పదకొండు నెలల్లో ఇదే మొదటిసారి. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని కొంగు సర్దుకుంది.

వాడు రాజలింగం ముందు నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి గాని గొంతు పెంచలేదు. మాటలు వెతుక్కుంటూ, తనకు తెలిసిన ఆ కొంచెం తెలుగులోనే అన్నాడు.

"తువ్వాల కథ నాకు చెప్పింది నువ్వే గద, లింగన్నా."

తిట్టి ఉంటే రాజలింగం తట్టుకునేవాడు. వాడు అరుగు దిగి, చెప్పులేసుకుని, గేటు తీసుకుని క్యాంపస్ వైపు వెళ్లిపోయాడు. బూట్లు మెట్ల మీదే ఉండిపోయాయి.

సారలమ్మ ఆ బూట్లు తీసి, అంటుకున్న గడ్డి దులిపి, మొగుడి చేతిలో పెట్టింది.

"ఇవి ఇచ్చి రా. ఆడుతవా అని మాత్రం అడగకు," అంది.

*

గ్రౌండులో ఎండ పసుపుగా మారింది. ఎవరూ లేరు. మధ్యగీత మీద సుతిలి రాజలింగం వదిలి వెళ్లినట్టే పడి ఉంది. అవతలి కొస దగ్గర ఫిన్లే నేల మీద కూర్చుని ఉన్నాడు.

రాజలింగం పిలవలేదు. బూట్లు చంకలో పెట్టుకుని, మేకు దగ్గర డబ్బా అందుకున్నాడు. ఆయన్ని చూసి ఫిన్లే లేచాడు. లేచి, వంగి, కొస పట్టుకున్నాడు. సుతిలి మెల్లగా నేల వదిలి బిగిసింది.

రాజలింగానికి కళ్ల నీళ్లు వచ్చాయి. సున్నం రాల్చుకుంటూ నడిచాడు. పది గజాలు, ఇరవై గజాలు. తల ఎత్తితే ఏమవుతుందోనని భయపడి తాడునే చూస్తూ నడిచాడు. అవతలికి చేరాక ఏమనాలో మనసులో కూర్చుకున్నాడు. క్షమించమనాలి. అన్నను తను ఏనాడూ క్షమించలేదని, ఆ సంగతి ఇవాళే తెలిసిందని చెప్పాలి. మీ తాతను ఒక్కసారైనా పలకరించాల్సిందని చెప్పాలి. గ్రౌండు మధ్యలోని గుండ్రం దాటాడు. సుతిలి ఎక్కడా సడలలేదు.

ఇంకో పదిహేను అడుగులు ఉందనగా తల ఎత్తాడు.

అక్కడ మనిషి లేడు. సుతిలి కొస ఒక బండరాయి కింద ఉంది. గీత వంకర పోకుండా బాగా బిగించి, రాయి దొర్లకుండా పక్కన ఇంకో రాయి ఆనించి పెట్టాడు. నీళ్ల సీసా కూడా పక్కనే ఉంది. ఫిన్లే అవతలి గేటు దాటి, సీతాఫల్‌మండి వైపు పోయే రోడ్డు మీద నడుస్తున్నాడు. వెనక్కి చూడలేదు.

రాజలింగం మిగిలిన గీత పూర్తిచేశాడు. అంత తిన్నని గీత ఆయన నలభై ఏళ్లలో వేయలేదు. కొస దగ్గరికి చేరి, రాయి తీసి, ఎప్పుడూ ఇంకొకరు చేతిలో పెట్టే సుతిలిని తనే వంగి తీసుకున్నాడు. చంకలోని బూట్లు జారి గీత మీద పడ్డాయి. వాటికి సున్నం అంటింది. ఎల్లుండి ఐదింటికి ఆట.